రెండు వలసలు, ఒకే మాట

తెల్లదొరల ఏలుబడిని తెలుగులో వలస పాలన అంటాం. సోమందేపల్లె నుంచి బెంగుళూరికి బేల్దారి పనికి పోవడాన్నీ వలసే అంటాం. ఏలడానికి వచ్చినవాళ్లకూ, కడుపు కోసం పోయేవాళ్లకూ ఒకటే మాట. వలస కథలను అంచనా కట్టేటప్పుడు ఈ రెండు వలసలనూ కలిపి చూడాలని మేం అనుకుంటున్నాం.

సుగాలీలం మేం. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని తిరిగే లదేణి మా పెద్దల బతుకు. అప్పట్లో తండా అంటే కదిలే బిడారు. రైళ్లు వచ్చాయి, ఉప్పు సర్కారు గుత్తలోకి పోయింది, ఆ వ్యాపారం చచ్చింది. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం తిరిగే జాతులకు పుట్టుకతోనే దొంగ ముద్ర వేసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1911 చట్టం కింద మా పక్క ఎరుకల వారు పోలీసుల ముందు హాజరు పలకాల్సి వచ్చింది. చీటీ లేకుండా ఊరు దాటితే నేరం. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం రద్దయింది.

కథల్లో రద్దయిందా?

సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి వంటివారు అనంతపురం కరువును తెలుగు కథలో నిలిపారు. ఆ మేలు మరువం. అయితే మొత్తంగా సీమ కరువు కథలు చదివితే మాకు ఒకటి తోస్తుంది. రైతు ఊరు విడిస్తే అది విషాదం. బోరు ఎండింది, చెనిక్కాయ పోయింది, ఇంటికి తాళం పడింది. అదే లారీ ఎక్కిన సుగాలి కుటుంబం మాత్రం వెనక ఎక్కడో కనబడి పోతుంది, తిరగడం వాళ్లకు అలవాటే కదా అన్నట్టు.

మన రాతల్లోనూ లోపముంది. తండా మొదటినుంచీ కదలని ఊరే అయినట్టు రాసి, దాన్ని విడిస్తే మనం మనం కాకుండా పోతామంటున్నాం. కదలడమూ మన గుర్తింపే. లదేణి నాడు ఎటు పోవాలో తండా నాయక్ చెప్పేవాడు, ఈనాడు మేస్త్రీ చెబుతున్నాడు. కథ పట్టుకోవలసిన తేడా అదీ.

కెన్యా రచయిత గూగీ ఇంగ్లీషు వదిలి గికుయులో నవలలు రాశారు. మాకు ఇంగ్లీషు కంటే ముందు తెలుగే పరాయి. రమేశ్ కార్తీక్ నాయక్ తన కథల పుస్తకానికి ‘ఢావ్లో’ అని పేరు పెట్టారు. పుట్టిల్లు విడిచే పెళ్లికూతురు ఏడుస్తూ పాడేది ఢావ్లో. 2024లో ఆ పుస్తకానికి సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. సొంత లిపి లేని గోర్‌బోలి మాటను తెలుగు చేయకుండా అట్ట మీద పెట్టారు, అర్థం తెలియనివాళ్లే అడిగి తెలుసుకోవాలి. మేం మెచ్చేది ఆ ధైర్యాన్ని.

మేం పంతుళ్లం. పనికి పోయినవాళ్ల బిడ్డల పేర్ల ఎదుట ఆబ్సెంట్ రాసేది మా చేతులే. పిల్ల ఎక్కడికి పోయిందో రాయడానికి ఆ పట్టీలో గడి లేదు. హాజరు అనే మాట ఒకప్పుడు ఎవరిని భయపెట్టిందో తెలిసీ పొద్దున్నే అదే పిలుస్తున్నాం. ఆ గడిలో పట్టనిదాన్ని కథగా రాయాలి. ఆ పిల్లే రాసేదాకా మన పని అయిపోదు.