చూచిన పాఠము – చేసిన పాఠము

విశాఖపట్నం రేవు 1933లో ప్రారంభమైనది. అక్కడి ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమైనది. ఓడను ఇరుకు కాలువగుండా లోనికి తెచ్చు పైలట్ అయినను, కరిగిన ఇనుము దగ్గర పనిచేయు కార్మికుడైనను, చలనచిత్రము చూచినంతమాత్రమున పనికి అర్హుడు కాడు. అతడు చేయుచుండగా అనుభవజ్ఞుడొకడు ప్రక్కన నిలిచి తప్పు దిద్దవలెను. మాటలు రాని పిల్లలకు అన్నము కలుపుకొనుట, చొక్కా తొడుగుకొనుట నేర్పువారికి కూడ ఈ నియమము వర్తించునా? వీడియో, కంప్యూటరు పాఠములతోనే వారిని తయారుచేయవచ్చునా?

ఇట్టి బోధనకు ఆధారము ప్రవర్తన విశ్లేషణ. ఒక పనికి ముందు ఏమి జరిగినది, తరువాత ఏమి లభించినది అని గమనించి, దానినిబట్టి నేర్పుటయే ఈ శాస్త్రము. పలక ముందు పెట్టగానే బాలుడు కేకలు వేయును. ఉపాధ్యాయిని జాలిపడి పలక తీసివేయును. మరునాడు కేకలు హెచ్చును. ఆమె తనకు తెలియకయే కేకలు వేయుట నేర్పినది! శిక్షణలోని లోపమునకు మూల్యము చెల్లించునది బాలుడే.

తెలుగునాట ఈ శిక్షణకు ముఖ్యకేంద్రము సికింద్రాబాదులో 1984లో స్థాపితమైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ. దాని పేరు తరువాత మారినది. రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ రచించిన ఉపాధ్యాయుల కరదీపికను ఆ సంస్థ 1992లో ప్రచురించినది. ఆ రచయితలే రూపొందించిన కొలమానములో 280 నైపుణ్యములు, 75 సమస్యా ప్రవర్తనలు కలవు. పిల్లవాడు పనిని స్వయముగా చేసెనా, సైగతో చేసెనా, చెప్పిన తరువాత చేసెనా, చేయి పట్టుకొనగా చేసెనా అని అంకెలలో గుర్తింపవలెను. “వీడు అల్లరివాడు” అను తీర్పును విడిచి, కంటికి కనబడు పనిని లెక్కించుట ఈ పద్ధతిలోని గొప్పతనము. కాని పిల్లవాని చేతిని ఎంత గట్టిగా పట్టవలెనో, ఎప్పుడు విడువవలెనో పుస్తకము చూపలేదు.

ఆ లోటును వీడియో చాలవరకు తీర్చును. విశాఖనుండి సికింద్రాబాదునకు సుమారు 700 కిలోమీటర్ల రైలు ప్రయాణము. చిత్రమునకు ఆ దూరము లేదు. దానిని ఆపి, వెనుకకు త్రిప్పి, మరల చూడవచ్చును. ఇద్దరు ఉపాధ్యాయులు ఒకే దృశ్యమును చూచి విడివిడిగా అంకెలు వేసి పోల్చుకొన్నచో, ఎవరి పరిశీలన సరిగా లేదో తెలియును.

ప్రయోగములు ఏమి చెప్పుచున్నవి? కటానియా, తోడి పరిశోధకులు 2009లో ముగ్గురు కొత్త సిబ్బందికి వీడియోతో ఒక బోధనాక్రమమును నేర్పిరి. అంతకుముందు వారి సగటు 12 నుండి 63 శాతము వరకు ఉండెను. తరువాత ముగ్గురి సగటులు 98, 85, 94 శాతమునకు పెరిగినవి. ఇది చిన్న విజయము కాదు. అయితే శిక్షణ పొందినవారు ముగ్గురే, నేర్చినది ఒక్క పనియే. 2013లో నోసిక్, తోడి పరిశోధకులు కంప్యూటరు పాఠమును, ఎదుట నిలిచి చెప్పి, చూపి, చేయించి, దిద్దు పద్ధతిని పోల్చిరి. ఎదుట నిలిచిన గురువే గెలిచెను.

ఇందులో వింత లేదు. బోధనాయంత్రములను ప్రచారము చేసిన స్కిన్నర్ ప్రవర్తన విశ్లేషణకు ఆద్యుడే. ఆయన 1958లో ‘సైన్స్’ పత్రికలో వాటినిగూర్చి వ్రాసెను. నేర్చుకొనువాడు తానే సమాధానమిచ్చి, దాని ఫలితమును వెంటనే తెలిసికొనవలెనన్నది ఆయన సూత్రము. కంప్యూటరు ప్రశ్నకు సరియైన జవాబు నొక్కినవాడు జవాబు నొక్కుటయే నేర్చును. బాలుని చేయి పట్టుట నేర్చినట్లు కాదు. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. 2009 ప్రయోగములో వీడియో విలువ తేలినది, ఆ ముగ్గురు పనిచేయుచుండగా ఎవరో చూచి లెక్కించుటవలననే.

కావున దోషము వీడియోది కాదు, ఇన్ని గంటలు చూచినారని యోగ్యతాపత్రమిచ్చు విధానమునది. తెలుగులో తీసిన చిత్రమును చూపి, ఇద్దరిద్దరిచే అభ్యాసము చేయింపవలెను. తరువాత తల్లిదండ్రుల అనుమతితో ఉపాధ్యాయిని బోధననే చిత్రించి, అనుభవజ్ఞులచే దిద్దింపవలెను. అప్పుడు వీడియో దూరమునుండి గురువు కన్నుగా పనిచేయును.

ఉన్నత పాఠశాలలకును ఇది వర్తించును. తెరమీద ఉష్ణమాపకమును వందసార్లు చూచిన విద్యార్థికంటె, దానిని ఒకసారి చేతబట్టి, తప్పుగా చదివి, దిద్దబడిన విద్యార్థి ఎక్కువ నేర్చును. గట్టున కూర్చుండి ఈత నేర్చినవారు లేరు.