"నీతి కథలున్నాయా అండీ?"

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లోనూ, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవంలోనూ పిల్లల పుస్తకాల స్టాల్ దగ్గర పెద్దవాళ్లు అడిగే మొదటి మాట ఇదే. రెండోది, "మా వాడికి తెలుగు అంతంత మాత్రం, తేలిగ్గా ఉన్నవి ఇవ్వండి." ఈ మాటలు అయ్యేలోపు ఆ పిల్లవాడు దెయ్యం బొమ్మున్న పుస్తకమేదో లాక్కుని నేల మీద చతికిలబడి ఉంటాడు. పని తెలిసిన అమ్మకందారు ఓ కన్ను అటే వేసి ఉంచుతాడు. డబ్బులిచ్చేవాళ్లు ఒకరు, చదివేవాళ్లు ఇంకొకరు. పెద్దాయన చేతిలో ఆయన అడిగిన పుస్తకం పెట్టి, పిల్లవాడు పట్టుకున్నది కూడా మెల్లగా బిల్లులో కలపడం ఈ వ్యాపారంలో సగం విద్య.

మిగతా సగం, అమ్మేవాడు తన దగ్గరున్న పుస్తకాలు చదివి ఉండటం. వయసు అడిగి పుస్తకం తీసివ్వడం ఎవరైనా చేస్తారు. తెలుగు చదవడం మొదలుపెట్టిన పిల్లలకి అసలు గండం వత్తుల దగ్గర. గుణింతాలు గడగడా చదివిన పిల్ల 'రాష్ట్రం' దగ్గర టక్కున ఆగిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు అట్ట కన్నా ముందు లోపలి పేజీ చూస్తారు. అక్షరం ఎంత పెద్దది, పై వరస వత్తులు కింది వరస గుడుల మీద పడుతున్నాయా, ఒక్కో పేజీకి ఎన్ని వాక్యాలు. 2004లో బెంగళూరులో మొదలైన ప్రథమ్ బుక్స్ ఈ పనిని కొంత తేలిక చేసింది. తన పుస్తకాలను నాలుగు మెట్లుగా విడదీసింది. మొదటి మెట్టు 250 మాటల లోపు, నాలుగోది 1,500 దాటి. ఏ మెట్టో వెనక అట్ట మీదే ఉంటుంది. 2015 నుంచి దాని స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఆ కథలను తెలుగుతో సహా చాలా భాషల్లో ఉచితంగానే చదువుకోవచ్చు.

మెట్టు కుదిరింది కదా అని కథ నచ్చాలని లేదు. దానికి పాత చిట్కా ఒకటుంది. మొదటి పేజీ పైకి చదివి, సరిగ్గా ఏదో జరగబోతుండగా ఆపేసి, పక్క మనిషికి చిల్లర ఇవ్వడంలో పడిపోవాలి. పిల్ల పేజీ తిప్పితే అది ఆమె పుస్తకం. సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారాలు ఇస్తోంది. తెలుగులో ఇటీవల డి.కె. చదువులబాబు 'వజ్రాల వాన' (2023), పి. చంద్రశేఖర ఆజాద్ 'మాయా లోకం' (2024), గంగిశెట్టి శివకుమార్ 'కబుర్ల దేవత' (2025) వాటిని అందుకున్నాయి. అకాడమీ పేరు చెబితే తండ్రి తలూపుతాడు. కొడుకు దగ్గర మాత్రం ఆ పేరు చెల్లదు, వాటికీ మొదటి పేజీ పరీక్ష తప్పదు.

ఇక చందమామ. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మద్రాసులో మొదలుపెట్టిన ఆ పత్రికను కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980 దాకా నడిపారు. బరువైన సమాసాలు లేని వాడుక తెలుగు, కథ పక్కనే బొమ్మ అప్పటి పద్ధతి. పాత సంచికలను తాతలు మనవల పేరు చెప్పి తమకోసం కొనుక్కుంటారు, అందులో తప్పేం లేదు. ఇప్పటి పదకొండేళ్ల పిల్లలను నిజంగా పట్టి కూర్చోబెట్టేవి మాత్రం దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు. 'తోకచుక్క'లో గానీ 'రాకాసి లోయ'లో గానీ ప్రతి భాగం ఏదో ప్రమాదం ముంగిట తెగుతుంది. 'బుడుగు'ను ఆరేళ్లవాడికి కొనడం తెలుగువాళ్ల పాత అలవాటు. ముళ్లపూడి వెంకటరమణ దాన్ని 1950ల్లో వారపత్రిక చదివే పెద్దల కోసం రాశారు. ఆ వెటకారం అందాలంటే పన్నెండేళ్లయినా రావాలి.

అసలు చిక్కంతా ఆ పన్నెండేళ్ల దగ్గరే. ఇంగ్లీషు పుస్తకాల షాపులో టీనేజీ పిల్లలకి అరలకు అరలు ఉంటాయి. తెలుగులో ఆ అర ఎవరూ కట్టలేదు. బొమ్మల కథలు అయిపోయాక పిల్ల నేరుగా పెద్దల నవలల్లో పడాలి, లేదా తెలుగు మానేయాలి. చాలామంది మానేస్తున్నారు. అందుకని మంచి అమ్మకందారు ఇతర అరల్లోంచి ఏరి తెచ్చి తనే ఒకటి కట్టుకుంటాడు.

అందులో మొదట నిలబడేది 'రైలుబడి'. 1981లో జపాన్‌లో వచ్చిన తెత్సుకో కురొయనాగి 'తొత్తోచాన్'కు తెలుగు రూపం. పాత రైలు పెట్టెలే తరగతి గదులు. బళ్లో చేరిన రోజున ప్రధానోపాధ్యాయుడు కొబయాషి చిన్నపిల్ల తొత్తోచాన్ కబుర్లన్నీ నాలుగు గంటలు కూర్చుని వింటాడు. 1945 బాంబు దాడుల్లో ఆ బడి కాలిపోయింది. మూల పుస్తకంలోని బొమ్మలు చిహిరో ఇవాసాకివి. ఆమె 1974లోనే చనిపోవడంతో, వేసి ఉన్న బొమ్మల్లోంచే కథకు నప్పేవి ఎంచారు. టీచర్లకు పంచే పుస్తకంగా దీనికి పేరొచ్చింది. బడితో పడని పిల్లల చేతిలో పెడితే ఇంకా బాగా పనిచేస్తుంది.

దాని పక్కన మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', నామిని 'ఇస్కూలు పిలకాయల కత'. రెండూ పెద్దల అరలో ఉండేవే. కావలి ముస్లిం కుటుంబంలో పెరిగిన కుర్రాడి అల్లరి, చిత్తూరు పల్లె బళ్లో పిలకాయల బాధలు పద్నాలుగేళ్లవాళ్లకి తెలియనివేం కావు. కరీంనగర్ పిల్లకి నామిని యాస మొదట కొరుకుడు పడకపోవచ్చు. అక్కడ కళ్లతో కాక నోటితో చదివించాలి. అరపేజీ పైకి చదివితే చెవి సర్దుకుంటుంది.

హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన కథల వరుసను కూడా ఇక్కడే పెట్టాలి. పాఠ్యపుస్తకాల్లో కనిపించని ఇళ్లు వాటిలో కనిపిస్తాయి. ఖదీర్‌బాబు కథలో ఇంట్లో తలకాయ కూర వండుకోవడమే పెద్ద సంబరం. గోగు శ్యామల రాసిన ఆడపిల్లలు ఎవరి దయ కోసమూ ఎదురు చూడరు. నీతి కథలు అడిగిన తండ్రి వీటిని తిరగేసి కాస్త ఇబ్బందిగా చూస్తాడు, కొనకుండా పోయేవారూ ఉంటారు.

కొత్తవాటిలో చూడాల్సినవి సికింద్రాబాద్ మంచి పుస్తకం, ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా కలిసి తెస్తున్న బొమ్మల కథలు, పిల్లల నవలలు. పోటీలు పెట్టి కొత్త రచయితలతో రాయిస్తున్నారు. అన్నీ ఒక్క ఎత్తున ఉండవు, కొన్నింట్లో చివరి పేజీకి ఉపదేశం దూరిపోతుంది. అయినా ఈ కాలపు పిల్లల గురించి, ఈ కాలపు తెలుగులో వరసగా నవలలు రావడమే పెద్ద మార్పు. అమెరికా నుంచి సెలవులకు వచ్చినవాళ్లు రెండు భాషలు పక్కపక్కనే ఉన్న పుస్తకాలు అడుగుతారు. పిల్లల కళ్లు తేలికైన లిపి మీదే ఆగుతాయి కాబట్టి, వాళ్లకి పేజీకి రెండు వాక్యాలున్న తెలుగు బొమ్మల పుస్తకమే మేలు.

ఇలాంటి బొమ్మల పుస్తకాలు షాపుల్లో కనపడకపోవడానికి ఒక మామూలు కారణం ఉంది. మధ్యలో పిన్ను కొట్టిన పాతిక పేజీల పుస్తకానికి వీపు ఉండదు. అరలో నిలబెడితే పేరు కనిపించదు, అట్ట కనిపించేలా పరిస్తే నాలుగు నవలల చోటు తింటుంది, అమ్మితే వచ్చేది కొద్ది రూపాయలు. అందుకే చాలామంది పదేసి కట్టకట్టి సెట్టుగా అమ్ముతారు. సెట్టు ఎంచేది ఎప్పుడూ పెద్దవాళ్లే. విడిగా తీగ మీద క్లిప్పులతో వేలాడదీసిన స్టాళ్లలో మాత్రం పిల్లలు జేబులో డబ్బులు లెక్కపెట్టుకుని, ఒకటి తీసి, మళ్లీ పెట్టేసి, ఇంకొకటి తీస్తూ కనిపిస్తారు.