పాటకు వేదిక ఉంది, మాటకో?

1956 అక్టోబర్ 14. నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ లక్షలాది మందితో ధమ్మ దీక్ష తీసుకున్న రోజు. అదే రోజు మా భిలాయికి దూరం కాని ఖైరాగఢ్‌లో ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం మొదలైంది. మనిషి గౌరవమూ కళ గౌరవమూ ఒకే తేదీన పుట్టాయని మేము చెప్పుకుంటాం. కానీ రెండూ ఇంకా కలవలేదు.

భిలాయి పక్కన గనియారిలో పుట్టిన తీజన్ బాయి, ఆడవాళ్లు కూర్చునే పాడాలన్న ఆచారాన్ని కాదని, తంబూరా పట్టి నిలబడి పండ్వానీ పాడారు. సొంత సమాజమే వెలివేసింది. భిలాయి ఉక్కు కర్మాగారం ఉద్యోగమిచ్చింది. 2019లో పద్మవిభూషణ్ వచ్చింది. ఆమె చెప్పింది మహాభారత కథ. ఏకలవ్యుడి బొటనవేలు మనం మరువలేం. అయినా ఆమె నిలబడిన తీరుకు నమస్కరిస్తాం.

మా విమర్శ విశ్వవిద్యాలయాల ఉత్సవాల మీద. ఊరి కళాకారుల చేత పాడించి శాలువా కప్పుతారు. ఆ కళ మీద ఉపన్యాసం మాత్రం తరచు వేరొకరిది. పాడినవాళ్లు అప్పటికే బస్సెక్కి ఉంటారు. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కులం మీద పత్రం చదివింది బాబాసాహెబే. మన గురించి మనమే మాట్లాడాలన్నది అక్కడి పాఠం.

చప్పట్లు చాలవు. మన పిల్లలకు మైకూ కావాలి, ప్రశ్నించే హక్కూ కావాలి.