వదలని పట్టు

క్రషింగ్ సీజన్లో ఉయ్యూరు కేసీపీ ఫ్యాక్టరీ ముందు చెరుకు ట్రాక్టర్లు బారులు తీరతాయి. తోటలో మోకు ఎంత లాగి కట్టినా, గతుకుల్లో గడలు సర్దుకునేసరికి వదులవుతుంది. కోసి కలిపిన ఎముకదీ అదే తంతు.

అరిగిన పాదం కీలును కలిపేసినా, వంకరపోయిన బొటనవేలి ఎముకను కోసి సరిచేసినా రెండు ముక్కలూ ఒత్తుకుని ఉండాలి. స్క్రూ బిగించినప్పుడు ఒత్తిడి బాగానే ఉంటుంది. తర్వాత కోసినచోట ఎముక కాస్త కరుగుతుంది. వెంట్రుకవాసి సందు పడితే చాలు, ఆ ఒత్తిడి చాలావరకు పోతుంది.

ఆపరేషన్‌కు ముందు మా బాబాయికి డాక్టరు, పాదం ఎముకల్లో స్క్రూకు బదులు వేసే స్టేపుల్ అనే రెండు కాళ్ల లోహపు పిన్ను చూపించారు. "ఇంత సన్నగా ఉందేంట్రా, నా బరువాగుద్దా?" అన్నాడాయన. నాకూ అదే అనుమానం.

ఆ స్టేపుల్ లోహం నికెల్, టైటానియం దాదాపు సగంసగం కలిసిన నిటినాల్. క్షిపణి ముక్కుకు తగిన లోహం వెతుకుతూ 1959లో అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ పట్టుకున్నది. మామూలు స్టీలు ఒక శాతం సాగకముందే శాశ్వతంగా వంగిపోతుంది. ఇది 8 శాతం దాకా సాగినా మళ్లీ మొదటి ఆకారానికి వస్తుంది. స్టేపుల్ కాళ్లు విడదీసి పట్టి, ఎముకలో వేసిన రెండు రంధ్రాల్లో దించి వదిలితే లోపలికి ముడుచుకుంటాయి. ఎముక కరిగినా ఒత్తడం మానవు.

చిక్కల్లా ఒకటే. స్టేపుల్ కూర్చునేది పాదం పైన, అడుగేస్తే అతుకు విచ్చుకునేది అరికాలి వైపు. యంత్రం మీద వంచి చూసిన పరీక్షల్లో, ప్లేటూ స్క్రూల కట్టుకన్నా ఒంటి స్టేపుల్ దగ్గర సందు తొందరగా పడింది. అయితే బరువు తీయగానే మూసుకుంది. ప్లేటు దగ్గర పడ్డ సందు మాత్రం మిగిలిపోయింది. లంబకోణంలో రెండో స్టేపుల్ వేస్తే విచ్చుకోవడం తగ్గుతుంది.

గట్టితనం ఒక్కటే చూసి లోహానికి మార్కులేసే అలవాటు నాది. పాదం విషయంలో విచ్చుకున్నది తిరిగి మూసుకోవడమే పెద్ద గుణమని ఇప్పుడనిపిస్తోంది. అలాగని అలుసు కూడదు. గుల్లబారిన ఎముకలో స్టేపుల్‌కు పట్టు దొరకదు. వేలసార్లు వంచితే నిటినాల్ కూడా విరుగుతుంది.

మనవాళ్లు నొప్పి తగ్గగానే చేను గట్టు దాకా వెళ్లొస్తామంటారు. నొప్పి తగ్గినంత మాత్రాన ఎముక అతికినట్టు కాదు. ఎక్స్‌రే చూసి డాక్టరు కాలు మోపమనేదాకా, తోటకు నీళ్లు పెట్టే పని ఇంకొకరికి అప్పగించండి.