గడపలోకి వచ్చే మందు: పార్సిల్, 104 బండి

ఆంధ్రప్రదేశ్‌లో నల్లమల అంచునున్న కంభం చుట్టుపక్కల ఊళ్లలో బీపీ, షుగర్ మాత్రలు రెండు దారుల్లో ఇంటికొస్తున్నాయి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలు ఫోన్‌లో ఆర్డరు పెడితే వచ్చే పార్సిల్ ఒకటి. ప్రభుత్వ సంచార వైద్య వాహనమైన 104 బండి వచ్చిన రోజున ఇచ్చే మందులు రెండోది. కదలలేని వాళ్లకు వాటిని ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చి ఇస్తుంది. ఈ మందు ఇస్తున్నదెవరు, ఇచ్చే తీరును చూస్తున్నదెవరు?

డాక్టరు చీటీ మీద మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్టే ఇవ్వాలని 1948 నాటి ఫార్మసీ చట్టం చెబుతుంది. పార్సిల్‌కూ ఫార్మసిస్టు ఉంటాడు, కానీ దూరాన ఏదో గోడౌన్‌లో. తలుపు తట్టే కుర్రాడికి సంచిలో ఏముందో తెలియదు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. నల్లమల అంచున మే నెల మధ్యాహ్నం అది ఎంత వేడెక్కిందో ఎవరు చూశారు? ఆన్‌లైన్ మందుల అమ్మకానికి 2018 ఆగస్టులో వచ్చిన ముసాయిదా ముసాయిదాగానే మిగిలింది. కోవిడ్ వేళ, 2020 మార్చిలో ఇచ్చిన వెసులుబాటు దుకాణం ఉన్న రెవెన్యూ జిల్లా వరకే. హైదరాబాద్ నుంచి కంభానికి వచ్చే మందు దాని పరిధిలోకి రాదు. ఒక్క మేలు మాత్రం ఒప్పుకోవాలి: బిల్లు మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి.

104 బలం వేరు. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రమంతటా మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో డాక్టరు నెలకు రెండుసార్లు ఊరికి రావాలి. బీపీ చూశాకే మాత్ర. బండిలో డాక్టరు, డేటా ఎంట్రీ ఆపరేటరు, డ్రైవరు. ఊళ్లో ఏఎన్ఎం, ఆశా. ఈ వరుసలో ఫార్మసిస్టు లేడు. స్ట్రిప్పు కత్తిరించి పంచినప్పుడు గడువు తేదీ ఉన్న ముక్క ఒక్కరికే పోతుంది, మిగతావాళ్లు నమ్మకం మీద మింగుతారు.

పోల్చి చూడటానికి పక్క రాష్ట్రం ఉంది. తమిళనాడు 2021 ఆగస్టు 5న 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలుపెట్టింది. అక్కడ మహిళా ఆరోగ్య కార్యకర్త ఇంటికే వచ్చి బీపీ, షుగర్ చూసి, మందు ఇస్తుంది. మంచం పట్టిన వాళ్లకు నర్సు, ఫిజియోథెరపిస్టు వస్తారు. పరీక్షించే చెయ్యి, మందిచ్చే చెయ్యి ఒకటే కావడం దాని గొప్పతనం.

నా తీర్పు 104 వైపే. రోగిని చూడకుండా మందు పంపే పద్ధతి ఎంత వేగంగా ఉన్నా వైద్యం కాదు. అయితే ప్రభుత్వం ఆ బండిలో ఫార్మసిస్టును కూర్చోబెట్టాలి, కత్తిరించని స్ట్రిప్పు ఇప్పించాలి. అందాకా ఏ దారిన వచ్చినా గడువు తేదీ కనపడని మాత్ర, చల్లదనం పోయిన ఇన్సులిన్ తీసుకోకండి.