టేపుకి చెరో కొస

మా కూకట్‌పల్లిలో ఇళ్ల బేరాలు కుదిర్చే ఆలుమగలున్నారు. తాళం తీయగానే ఆయన లింకు డాక్యుమెంట్లు, 30 ఏళ్ల ఈసీ అంటూ మొదలుపెడతాడు. ఆవిడ మాట్లాడకుండా వంటింట్లో కుళాయి తిప్పుతుంది, సింకు కింద గోడకి చెయ్యి ఆనించి చెమ్మ చూస్తుంది, మంజీరా నీళ్లు ఏ రోజు వదులుతారో పక్కింట్లో అడిగొస్తుంది. 1,200 చదరపు అడుగులన్న ఫ్లాటులో కామన్ ఏరియా పోను మనకి మిగిలేదెంతో కొలిచి చెబుతారు. టేపుకి ఈ కొస ఆయన, ఆ కొస ఆవిడ. "ఇది మీకొద్దమ్మా, లిఫ్టు లేదు, అత్తగారు మెట్లెక్కలేరు" అని ఆవిడంటే, కమీషన్ పోతుందని తెలిసినా ఆయన కిమ్మనడు. బేరం బిగుసుకుంటే ఆయన అమ్మేవాళ్లతో హాల్లో, ఆవిడ మనతో బాల్కనీలో. మధ్యలో ఒక్క చూపు. ఇంకో పాతిక వేలు తగ్గుతుందని ఆవిడకి తెలిసిపోతుంది. అది వృత్తిలో అబ్బిందో, కాపురంలో అబ్బిందో మరి!