“మేము” అన్న మాటలో మనం ఎక్కడ?

హాలియాలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఇన్నేళ్లలోనూ ప్రతి జనవరి 26న పిల్లలచేత రాజ్యాంగ పీఠిక చదివిస్తూ వచ్చాను. చదివించిన ప్రతిసారీ ఒక్క మాట దగ్గర నా మనసు ఆగిపోయేది. “మేము” అన్నది ఆ మాట. వినేవాణ్ణి కలుపుకొంటే “మనం”, విడిచిపెడితే “మేము” — ఈ తేడా తెలుగులో పసిపిల్లవాడికి కూడా తెలుసు. ఇది వ్యాకరణం తగాదా కాదు. తెలంగాణ చరిత్రలో ఆ తేడా అక్షరాలా జరిగింది.

రాజ్యాంగ పరిషత్తు 1946 డిసెంబరు 9న సమావేశమైంది. దాన్ని వయోజన ఓటు ఎన్నుకోలేదు. ఆస్తి, పన్ను, చదువు గలవారి ఓట్లతో ఏర్పడిన రాష్ట్ర శాసనసభలు ఎన్నుకున్నాయి. ఆ దారినే మద్రాసు నుంచి దుర్గాబాయి, పట్టాభి, రంగా వెళ్లారు. సంస్థానాల ప్రతినిధులూ క్రమంగా వచ్చి చేరారు. రాజ్యాంగాన్ని ఆమోదించిన నాటికి కూడా హైదరాబాదు నుంచి ఒక్క ప్రతినిధి లేడు.

మరి హైదరాబాదు తరఫున ఎవరు ఒప్పుకున్నారు? 1949 నవంబరు 23న నిజాము ఒక ఫర్మానా జారీచేశాడు. భారత రాజ్యాంగమే ఇకపై హైదరాబాదు రాజ్యాంగమన్నాడు. ఏ ప్రభుత్వం మీద రైతాంగం తిరగబడిందో ఆ ప్రభువే రైతాంగం పేర ప్రజారాజ్యాన్ని అంగీకరించాడు! మూడు రోజుల తరువాత, నవంబరు 26న, పరిషత్తు రాజ్యాంగాన్ని ఆమోదించింది. 1950 జనవరి 26న నిజామే రాజప్రముఖుడయ్యాడు. 1956 దాకా ఆ పదవిలోనే ఉన్నాడు.

ఈ తేదీలు కేవలం కాగితం మీది అంకెలు కావు. తెలంగాణ పోరాట కేసులలో కొందరికి పడిన మరణశిక్షలను హైదరాబాదు హైకోర్టు 1949 డిసెంబరులో ఖాయపరచింది. వారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1950 జనవరి 26కు ముందు హైదరాబాదు కోర్టులు భారత భూభాగంలోనివి కావనీ, రాజ్యాంగం వెనకటి తీర్పులకు వర్తించదనీ, కనుక అప్పీలు వినజాలమనీ 1950 డిసెంబరు 14న జనార్దనరెడ్డి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆరు వారాల తేడా! అంతకు రెండేళ్లకు పైగా ముందే సైన్యం ఇక్కడికి వచ్చింది. అప్పీలు హక్కు మాత్రం రాలేదు. చివరకు వారికి ఉరి తప్పిందంటే దేశవిదేశాలలో సాగిన ప్రజాందోళన ఫలితమే అది.

ఇంత చెప్పాక, కొందరు మిత్రులన్నట్టు, రాజ్యాంగం పాలకవర్గాల కాగితం మాత్రమే అనుకోవాలా? నేను ఒప్పుకోను. పాఠ్యపుస్తకం రాజ్యాంగాన్ని వరప్రసాదమంటుంది. మన మిత్రులు వంచన అంటారు. ఇద్దరూ చేసేది ఒకే పొరపాటు. రాసినవాళ్లను చూసి, రాయించిన వాళ్లను మరిచిపోతున్నారు.

1951 నాటి మొదటి సవరణ తొమ్మిదో షెడ్యూలును చేర్చింది. అందులోకి ఎక్కిన మొదటి 13 చట్టాలలో హైదరాబాదు జాగీర్ల రద్దు చట్టం ఒకటి. 1949 ఆగస్టులో, పల్లెల్లో పోరాటం సాగుతుండగా, వచ్చిన చట్టమది. పరిషత్తులో కుర్చీ దొరకని రైతు ఆ విధంగా రాజ్యాంగంలో అడుగుపెట్టాడు. అదే సవరణ వాక్స్వాతంత్ర్యాన్ని కుదించిందన్న సంగతి కూడా దాచకుండా చెప్పాలి.

1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. కమ్యూనిస్టు పార్టీ మీద ఇక్కడ నిషేధం ఉన్నందున అభ్యర్థులు ప్రజాతంత్ర కూటమి పేర నిలబడ్డారు. ఆ మొదటి సార్వత్రిక ఎన్నికల్లో నల్లగొండ రావి నారాయణరెడ్డిని లోక్‌సభకు పంపింది. దేశంలో అందరికన్నా ఎక్కువ ఓట్లు ఆయనకే వచ్చాయి; నెహ్రూకు కూడా అన్ని రాలేదు. రాజ్యాంగంపై తెలంగాణ రైతు చేసిన మొదటి సంతకం అదేనని నా అభిప్రాయం. ఫర్మానాతో వచ్చినదాన్ని ఓటుతో సొంతం చేసుకున్నాడు.

రాజకీయాల్లో సమానత్వం, సాంఘిక ఆర్థిక జీవితంలో అసమానత్వం — ఈ వైరుధ్యాన్ని త్వరగా తొలగించకపోతే కట్టినదంతా కూలుతుందని 1949 నవంబరు 25న అంబేద్కర్ హెచ్చరించాడు. ఆ వైరుధ్యం నేటికీ తీరలేదు. కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒక్కటే. పీఠిక చదివించండి, దానితోపాటు నవంబరు 23 కథ కూడా చెప్పండి. “మేము” అన్న మాటను “మనం”గా మార్చే పని పరిషత్తు ముగించి వెళ్లలేదని పిల్లలకు తెలియాలి.